మీ అబ్బాయి చేసేది ‘టికెట్లు క్లోజ్ చేయడం’ మాత్రమేనా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ చదివి క్యాంపస్ సెలక్షన్‌లో ఒక ఐటీ కంపెనీలో చేరాడు. ట్రైనింగ్ అయ్యాక ‘యూజర్ యాక్సెస్’ టీమ్‌లో వేశారు. ఎవరికి ఏ పర్మిషన్ ఉందో చూడటం, ఇవ్వడం, తీసేయడం, ఆడిట్‌కు లిస్టులు పంపడం. రోజంతా టికెట్లు (ఉద్యోగులు పంపే రిక్వెస్టులు) క్లోజ్ చేయడమే అంటాడు. కోడింగ్ లేదు. మా తోడల్లుడి కొడుకు ఏఐలో ఉన్నాడు. మావాడి చేత ఉద్యోగం మాన్పించి హైదరాబాద్‌లో ఆరు నెలల ఎథికల్ హ్యాకింగ్ (అనుమతితో కంపెనీ సిస్టమ్‌లలో లోపాలు వెతకడం) కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. ఫీజు రూ.1.80 లక్షలు. వంద శాతం ప్లేస్‌మెంట్ అన్నారు. పదివేలు అడ్వాన్సు కట్టాం. ఈ రెండిట్లో దేనికి భవిష్యత్తు ఉందో పోల్చి చెప్పండి. నేను గ్రామీణ బ్యాంకులో ఆఫీసర్‌ని.
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: పోలిక చెబుతాను సార్. ముందు ఒక మాట. మీ ఉత్తరంలో తోడల్లుడి కొడుకు ఉన్నాడు, ఫీజు ఉంది, అడ్వాన్సు ఉంది. మీ అబ్బాయికి ఏది ఇష్టమో మాత్రం ఒక్క ముక్క లేదు.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. ఒకసారి టెస్టింగ్, ఒకసారి సపోర్ట్, ఈసారి యాక్సెస్. టీమ్ పేరు మారుతుంది కానీ పక్కన నిలబెట్టి కొలిచే చుట్టాలబ్బాయి మాత్రం మారడు. అడిగేది ‘ఏది మేలు’ అని. లోపలున్న దిగులు ‘నలుగురిలో ఏమని చెప్పుకోవాలి’ అని. ‘మావాడు ఏఐలో ఉన్నాడు’ అంటే ఎదుటివాళ్లు తలూపేస్తారు. ‘మావాడు పర్మిషన్లు చూస్తాడు’ అంటే ‘అంటే ఏంటండీ?’ అని ఇంకో ప్రశ్న వస్తుంది. దానికి మీ దగ్గర జవాబు లేదు. అందుకే ఈ టెన్షన్. ముందు ఆ జవాబే చెప్పుకుందాం.

మీరు బ్యాంకు మనిషి. ఒకరు ఎంట్రీ వేస్తే ఇంకొకరు పాస్ చేయాలి, వేసినవాళ్లే పాస్ చేయడానికి వీల్లేదు. మీ లిమిట్ దాటితే మేనేజర్ ఐడీ నుంచే వెళ్లాలి. ట్రాన్స్‌ఫరై వెళ్లిపోయినవాళ్ల ఐడీ ఇంకా మీ బ్రాంచిలో పనిచేస్తోందని ఇన్‌స్పెక్షన్‌లో తేలితే సంజాయిషీ ఎవరు రాయాలో మీకు తెలుసు. ఈ కట్టుబాట్లన్నీ కంప్యూటర్‌లో ఎవరు పెట్టారనుకుంటున్నారు? మీ అబ్బాయి లాంటివాళ్లే. ఇన్నేళ్లుగా దాని నీడన ఉద్యోగం చేస్తూ, కొడుకు అదే పని చేస్తానంటే ‘అదీ ఒక పనేనా’ అంటున్నారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!

పంజాబ్ నేషనల్ బ్యాంకు సంగతి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. 2018లో బయటపడిన ఆ మోసంలో విదేశీ బ్యాంకులకు స్విఫ్ట్ మెసేజ్‌లు వెళ్లాయి, బ్యాంకు ఖాతాలు నడిచే కోర్ బ్యాంకింగ్‌లో వాటి ఎంట్రీలు లేవు. రెండు సిస్టమ్‌లూ కలవలేదు. దాంతో ముంబైలో ఒక్క బ్రాంచి నుంచి ఏళ్ల తరబడి హామీలు వెళ్తూనే ఉన్నాయి. అంతకుముందు మన హైదరాబాద్‌లోనే సత్యం కంప్యూటర్స్ మోసం. 2009 జనవరి 7న లెక్కలు తప్పని ఛైర్మన్ రామలింగరాజు ఒప్పుకున్న ఉత్తరం బయటికొచ్చాక జరిగిన దర్యాప్తులో తేలిన సంగతుల్లో ఒకటి, ఇన్‌వాయిస్‌ల సాఫ్ట్‌వేర్‌లోని సూపర్ యూజర్ లాగిన్, అంటే అన్ని హక్కులూ ఉన్న ఐడీ. ఏడున్నర వేలకు పైగా నకిలీ ఇన్‌వాయిస్‌లను మామూలు ఉద్యోగుల కంటపడకుండా దాచింది దానితోనే. ఆ సూపర్ యూజర్ ఐడీ ఎవరి చేతిలో ఉంది, ఎందుకుంది, వాడినప్పుడు ఎవరు చూస్తున్నారు? ఈ మూడు ప్రశ్నలు అడగడమే మీవాడి ఉద్యోగం. ఇప్పుడు చెప్పండి, నలుగురిలో చెప్పుకోదగ్గదో కాదో.

ఇక పని దగ్గరికి వద్దాం. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ‘మీరెవరు’ అని అడుగుతాడు. అది లాగిన్. లోపలికొచ్చాక మీరు ఏ ఫ్లాట్ తలుపు తీయగలరన్నది వేరే లెక్క. అది యాక్సెస్ కంట్రోల్. చాలా సాఫ్ట్‌వేర్లు గేటు దగ్గర హడావిడి చేసి, ఫ్లాట్ల తలుపులు బార్లా తెరిచిపెడతాయి. ఇది కనిపెట్టే పద్ధతిని మీ అబ్బాయి ఒక్క సాయంత్రంలో నేర్చుకోవచ్చు. ప్రాక్టీసు కోసమే తయారుచేసిన ఒక అప్లికేషన్ తీసుకోవాలి. రెండు బ్రౌజర్లలో ఇద్దరు వేర్వేరు యూజర్లుగా లాగిన్ అవ్వాలి. మొదటి యూజర్ తన ఫీజు రసీదు తెరుస్తాడు. పైన అడ్రసులో చివర 1045 అని ఉంటుంది. ఆ అడ్రసును కాపీ చేసి రెండో యూజర్ బ్రౌజర్‌లో పేస్ట్ చేస్తారు. 403 అని ఎర్రర్ వస్తే బతికిపోయాం, ‘నువ్వెవరో తెలుసు, కానీ ఇది నీది కాదు’ అని సర్వర్ అంటోంది. రసీదు తెరుచుకుంటే మాత్రం ఆ అంకె మార్చుకుంటూ పోయినవాడికి అందరి రసీదులూ దొరికినట్టే. తరవాత మెట్టు, స్క్రీన్ మీద ‘డిలీట్’ బటన్ కనబడని యూజర్ ఆ డిలీట్ ఆదేశాన్ని నేరుగా సర్వర్‌కు పంపితే ఏమవుతుందో చూడటం. బటన్ దాచేసి పర్మిషన్ పెట్టేశామనుకునే డెవలపర్లు ఇప్పటికీ బోలెడుమంది.

పిల్లల ఆటలా ఉందా? అమెరికాలో ఫస్ట్ అమెరికన్ ఫైనాన్షియల్ అనే పెద్ద కంపెనీ 2019లో ఇలాగే దొరికిపోయింది. లింకులో అంకె మారిస్తే చాలు, ఇంకొకరి ఇంటి కొనుగోలు కాగితాలు తెరుచుకున్నాయి. అలా బయటికి కనబడుతున్న రికార్డులు దాదాపు 88.5 కోట్లు. వెబ్ అప్లికేషన్లలో ప్రమాదకరమైన లోపాల జాబితా వేసే ఓవాస్ప్ సంస్థ 2017లో ఈ యాక్సెస్ కంట్రోల్ లోపాన్ని అయిదో స్థానంలో పెట్టింది. 2021లో దాన్నే మొదటి స్థానానికి తెచ్చింది.

అంటే మీరు లక్షా ఎనభై వేలు పోసి నేర్పించాలనుకుంటున్న హ్యాకింగ్‌లో అన్నిటికన్నా పెద్ద అధ్యాయం ఏదో, దాని అవతలి ఒడ్డున మీవాడు ఇప్పటికే జీతం తీసుకుంటూ కూర్చున్నాడు.

ఇప్పుడు ఆ కోర్సు గురించి. కొంచెం కటువుగానే రాస్తున్నాను. నల్ల హుడీ, మొహానికి మాస్కు, వెనక ఆకుపచ్చ అక్షరాల వాన. ఇన్‌స్టిట్యూట్ బోర్డు మీద ఈ బొమ్మ కనబడితే నాకు అనుమానం మొదలవుతుంది. నా దగ్గరికి వచ్చిన పిల్లల నోట్సులు చూశాను. హ్యాకింగ్ టూల్స్‌తో వచ్చే కాలీ లైనక్స్ ఇన్‌స్టాల్ చేయడం, వైఫై పాస్‌వర్డ్ పగలగొట్టడం, పాతిక ముప్ఫై టూల్స్ పేర్లు. ఒక వెబ్‌సైట్‌కు బ్రౌజర్ పంపే రిక్వెస్ట్‌లో ఏముంటుందో చెప్పమంటే దిక్కులు చూస్తారు. టూల్ నడపడం వచ్చు, టూల్ ఏం చేస్తోందో తెలియదు. పైగా ఈ యాక్సెస్ కంట్రోల్ లోపాలను ఆటోమేటిక్ స్కానర్లు అంత బాగా పట్టుకోలేవు. గుమాస్తా ఏ ఫైలు చూడాలో, ఏది చూడకూడదో స్కానర్‌కు ఎవరు చెప్పారు? అది ఆఫీసు పద్ధతి తెలిసిన మనిషికే తెలుస్తుంది.

ఆ రంగంలో మంచి ఉద్యోగాలు లేవని అనడం లేదు. ఉన్నాయి. కానీ కంపెనీ తన లైవ్ సిస్టమ్‌ను పగలగొట్టి చూడమని ఆరు నెలల సర్టిఫికెట్‌తో వచ్చిన కుర్రాడి చేతిలో పెట్టదు. ఓఎస్‌సీపీ అనే పరీక్ష ఉంది. దాదాపు 24 గంటలు కూర్చుని నిజంగా సిస్టమ్‌లలోకి చొరబడి, తర్వాత రిపోర్టు రాసివ్వాలి. అది పాసైనవాళ్లను అడగండి, ముందు నెట్‌వర్క్‌లో, డెవలప్‌మెంట్‌లో ఎన్నాళ్లు పనిచేసి వచ్చారో చెబుతారు. బగ్ బౌంటీలో, అంటే లోపం చూపిస్తే కంపెనీలు ఇచ్చే బహుమతుల్లో, డాలర్లు సంపాదించినవాళ్ల ఫొటోలు బ్రోచర్‌లో వేస్తారు. ఏడాది తిరిగినా ఒక్క రూపాయి రానివాళ్ల ఫొటోలు వేయరు కదా.

ఇంకో భయం కూడా ఉంది. సగం నేర్చిన పిల్లలకు చేతులు ఊరుకోవు. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు కాలేజీ ఫీజు పోర్టల్‌లో రోల్ నంబర్ మార్చి వేరేవాళ్ల వివరాలు తెరిచాడు. లోపం నిజమే. దాన్ని పద్ధతిగా చెప్పకుండా స్క్రీన్‌షాట్లు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. తల్లిదండ్రులు ప్రిన్సిపల్ గది బయట మూడు రోజులు నిలబడి బతిమాలాక గానీ కేసు పెట్టకుండా వదల్లేదు. అనుమతి లేకుండా ఇంకొకరి సిస్టమ్‌లో దురుద్దేశంతో తలదూరిస్తే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. అసలు ‘పర్మిషన్’ అన్న మాట అర్థం కాకుండా హ్యాకింగ్ నేర్పడం ఎక్కడి చోద్యమో నాకు తెలియదు.

‘వంద శాతం ప్లేస్‌మెంట్’ గురించి ఒక్క మాటే. కాగితం మీద రాసివ్వమనండి. ‘ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’ అని రాసిస్తారు. అసిస్టెన్స్ అంటే మీ రెజ్యూమె నలుగురికి ఈమెయిల్ చేయడం.

ఇక మీవాడి ఉద్యోగంలో లోపం లేదా? ఉంది. దాన్ని దాచను. టికెట్ వచ్చింది, ఇచ్చేశాం, క్లోజ్ చేశాం. ఇలాగే మూడేళ్లు గడిస్తే ఆ పని మెషీన్ చేసేస్తుంది. చేరినప్పుడు పర్మిషన్ ఇవ్వడం, మానేసినప్పుడు తీసేయడం ఇప్పటికే చాలాచోట్ల దానంతటదే జరుగుతోంది. మీ భయంలో ఈ ముక్క మాత్రం న్యాయమైనదే. అయితే దానికి మందు ఉద్యోగం మానేయడం కాదు.

మీరు ఏ సాఫ్ట్‌వేరో రాయలేదు కాబట్టి కంపెనీల లెక్కలు, కొనుగోళ్లు నడిపే ఎస్ఏపీ అనుకుందాం. ఒక ఉద్యోగి ‘నాకు పని జరగట్లేదు’ అని ఎస్‌యూ53 స్క్రీన్‌షాట్ పంపుతాడు. ఏ పర్మిషన్ దగ్గర ఆగిపోయాడో అందులో ఉంటుంది. కింద ఒక వాక్యం తప్పక ఉంటుంది: ‘పక్క సీటు ఆయనకు ఉన్నట్టే నాకూ ఇవ్వండి.’ బద్ధకిస్తే పక్క సీటు ఆయన రోల్ (పర్మిషన్ల మూట) మొత్తం కాపీ కొట్టి రెండు నిమిషాల్లో టికెట్ మూసేయవచ్చు. పని నేర్చుకోవాలనుకునేవాడు ఆగి చూస్తాడు. పక్క సీటు ఆయనకు కొత్త సప్లయర్ పేరు ఎక్కించే హక్కు ఉంది. ఈయనకు ఇప్పటికే బిల్లు చెల్లించే హక్కు ఉంది. రెండూ ఒకరి చేతిలో పడితే లేని సప్లయర్‌ను పుట్టించి వాడికే డబ్బు పంపుకోవచ్చు. ‘ఇవ్వను, మీ మేనేజర్‌తో మాట్లాడతాను’ అనగలిగినవాడు ఆ రోజు టికెట్ల గుమాస్తా కాదు. ఈ ఆగి చూడటం ఎవరో ఒకరు నేర్పాలి. టీమ్‌లో సీనియర్ ఎవరైనా ఉంటే వాళ్ల పక్కన కూర్చోమనండి.

అడిగారు కాబట్టి పోలిక. ఎథికల్ హ్యాకింగ్‌లో పేరుంది, ఫ్రెషర్లకు తలుపు సన్నం. యాక్సెస్ కంట్రోల్‌లో పేరు లేదు, తలుపు దాటి మీవాడు లోపలే ఉన్నాడు. ఇక్కడ రెండేళ్లు ఒళ్లు వంచి పనిచేస్తే సెయిల్‌పాయింట్, సైబర్‌ఆర్క్, మైక్రోసాఫ్ట్ ఎంట్రా లాంటి యాక్సెస్ నడిపే సాఫ్ట్‌వేర్ల వైపు వెళ్లవచ్చు, ఆడిట్ వైపు వెళ్లవచ్చు, కావాలంటే అప్పుడు హ్యాకింగ్ వైపే వెళ్లవచ్చు. జీతాల అంకెలు రాయను. రాస్తే మీరు మిగతాదంతా వదిలేసి వాటినే పట్టుకుంటారు.

కోడింగ్ లేదన్న బెంగ కూడా వదిలేయండి. పైథాన్ అనే కోడింగ్ భాష కాస్త వస్తే వందల మంది యూజర్ల లిస్టులో మానేసినవాళ్ల ఐడీలు ఏవి మిగిలాయో వెతికే స్క్రిప్ట్ రాసుకోవచ్చు. ఆడిట్ లిస్టులు చేత్తో తీసే టీమ్‌లో అది రాసినవాడిని మేనేజర్ గుర్తుపెట్టుకుంటాడు. పోర్ట్‌స్విగ్గర్ వెబ్ సెక్యూరిటీ అకాడమీలో యాక్సెస్ కంట్రోల్ ల్యాబ్‌లు ఉచితం. లాగిన్లు, పర్మిషన్లు నడిపే కీక్లోక్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ల్యాప్‌టాప్‌లోనే వేసుకోవచ్చు. యాక్సెస్ పని మీదే ఉన్న మైక్రోసాఫ్ట్ ఎస్‌సీ-300 పరీక్ష ఫీజు మీ అడ్వాన్సు ముందు ఎంత?

ఏఐ మాట ఎలాగూ వస్తుంది. ఆఫీసుల్లో పెడుతున్న ఏఐ అసిస్టెంట్లు ఉద్యోగి తెరవగలిగిన ఫైళ్లన్నీ వెతికి జవాబిస్తాయి. ఎప్పుడో పొరపాటున అందరికీ తెరిచి పెట్టిన జీతాల ఫైలు ఇన్నాళ్లూ ఎవరికీ కనబడలేదు, ఇప్పుడు ఒక్క ప్రశ్నతో బయటికొస్తుంది. మన దేశంలో 2023 డేటా రక్షణ చట్టంలో, సరైన జాగ్రత్తలు తీసుకోక వ్యక్తుల సమాచారం బయటపడితే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా అని రాశారు. కంపెనీలకు ఈ పని చేసేవాళ్ల అవసరం పెరగడమే గానీ తగ్గడం నేను చూడటం లేదు. తోడల్లుడి కొడుకు ఏఐకి కూడా పర్మిషన్లు సరిచూసేది మీవాడి లాంటివాళ్లే, ఈ మాట వాళ్లింట్లో అనకండి.

ఈ ఆదివారం మీవాడికి ఫోన్ చేసి ‘జీతం పెరిగిందా’ అని కాకుండా, ‘ఈ వారం ఎవరికైనా పర్మిషన్ ఇవ్వనన్నావా, ఎందుకు’ అని అడగండి. మీరు బ్యాంకు మనిషి, వాడు చెప్పేది ఆ ఇంట్లో అందరికన్నా మీకే బాగా అర్థమవుతుంది. వాడు అరగంట ఆగకుండా మాట్లాడితే ఆ పని నచ్చిందనే. ‘ఏముంది నాన్నా’ అని పెట్టేస్తే అప్పుడు మళ్లీ రాయండి, ఈసారి వాడినే రాయమనండి.

అడ్వాన్సు రసీదు మాత్రం జాగ్రత్తగా ఉంచండి. బ్యాచ్ మొదలుకాకముందే, ఈ వారంలోనే, డబ్బు వెనక్కి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి.