మా మనవరాలికి నీళ్ళు పోసిన రోజు

పెద్ద జబ్బు నుంచి బయటపడ్డవాళ్ళకి ఆ తర్వాత అన్నిటికన్నా సంతోషం ఇచ్చింది ఏంటి అని అడిగారు కదా. నాకైతే మా మనవరాలిని కాళ్ళ మీద వేసుకుని మొదటిసారి నీళ్ళు పోసిన రోజండి.

మాది గుంటూరు. 2018లో రొమ్ము క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్, 21 రోజులకొకటి చొప్పున కీమోలు, ఆ ఎర్ర మందు రెండోసారి ఎక్కేలోపే జుట్టంతా దిండు మీదకొచ్చేసింది, తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టించుకోడానికి 25 సార్లు విజయవాడ బస్సెక్కాను. వారధి మీదకి రాగానే కొండ వైపు తిరిగి, అమ్మా దుర్గమ్మా, పిల్ల పెళ్ళి చూసేదాకా ఉంచు తల్లీ అని దణ్ణం పెట్టుకునేదాన్ని. అంతకు మించి అడగడానికి భయమేసేది.

పలకరించడానికి వచ్చేవాళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. మా ఆడపడుచుకీ ఇదే వచ్చింది, ఆర్నెల్లకే పోయింది అని పేషెంటు ముందు చెప్తారేంటండీ? పళ్ళు తేకపోయినా పర్లేదు, ఆ కబుర్లు మాత్రం తేవద్దు.

2024 ఏప్రిల్లో అమ్మాయి పురిటికొచ్చింది, మేలో ఆడపిల్ల పుట్టింది. బంధువుల్లో ఒకావిడ మా అమ్మాయిని పక్కకి పిలిచి, పిల్లని మీ అమ్మకి ఎక్కువగా ఇవ్వకు, ఆ జబ్బు మనిషి కదా అంది. అది అంటురోగం కాదని డాక్టర్లు ఎన్నిసార్లు చెప్పినా ఇంతే. వారం పాటు పిల్లని ముట్టుకోడానికి నాకే చెయ్యి రాలేదు. పైగా ఆపరేషన్లో చంకలో లింఫు గ్రంథులు తీసేశారు కాబట్టి కుడిచేత్తో పెద్ద బరువులెత్తితే వాస్తుందేమోనని భయం.

బొడ్డు ఊడాక నీళ్ళు పోయాలి, ప్లాస్టిక్ టబ్బు కొందామంటున్నారు. అప్పుడు మా అమ్మాయే, మా అమ్మమ్మ కాలం నాటి పీట బయటికి తెచ్చి, కూర్చో అమ్మా, చేతులతో పనేముంది, బరువంతా నీ కాళ్ళే మోస్తాయిగా అంది. కాళ్ళు చాపి కూర్చున్నా. పిల్లని వేసింది. నువ్వుల నూనె రాసి, మాడు మీద ఆముదం పెట్టి, సెనగపిండితో రుద్దుతుంటే ఏడుపు ఆపేసి నా మొహంలోకే చూస్తోంది. ఎండలకి ట్యాంకు నీళ్ళే కాగినట్టున్నాయి, మా ఆయన బిందెలో చన్నీళ్ళు కలిపి చెంబుతో అందిస్తున్నాడు. చివరి చెంబు చుట్టూ తిప్పి శ్రీరామరక్ష, నూరేళ్ళాయుష్షు అన్నానో లేదో గొంతు పూడుకుపోయింది, ఆ నూరేళ్ళ మాట ఆరేళ్ళలో నాకు నోటికి రాలేదు మరి.

మూడు నెలలు రోజూ నేనే పోశాను. నా చెయ్యి వాపు తగ్గింది కూడా ఆ నూనె రుద్దుడుకేనని నా నమ్మకం, డాక్టరు గారు నవ్వారు గానీ నేను ఒప్పుకోను. ఇప్పుడు వాళ్ళు హైదరాబాద్‌లో ఉన్నారు. పీట ఇంకా బాత్రూంలోనే ఉంది, సంక్రాంతికి వస్తున్నారు.