మైలోమా అదుపులోకి వచ్చాక కూడా ఎముకల్లోని చిల్లులు ఎందుకు పూడవు?

నాన్నగారికి మైలోమా (ఎముక మజ్జలో పెరిగే ఒక రక్త క్యాన్సర్) అదుపులోనే ఉందని వైద్యులు చెప్పినా, కొత్త స్కాన్‌లో వెన్నుపూసల్లోనూ తుంటిలోనూ పాత చిల్లులు అలాగే కనబడ్డాయనీ, ఈలోగా ఎముకల మీద పనిచేసే ఒక విశ్వవిద్యాలయ పరిశోధన బృందం ఆయన మజ్జ నమూనా అడుగుతోందనీ, దానితో వాళ్లు ఏం చేస్తారనీ మీరు అడిగారు. అలాంటి బృందంలో కొన్నేళ్లు పనిచేశాను కాబట్టి, చికిత్స సంగతి ఆయన వైద్యులకే వదిలి, నాకు తెలిసింది చెబుతాను.

ఆరోగ్యంగా ఉన్న ఎముక ఒకవైపు అరుగుతూ, మరోవైపు కట్టుకుంటూనే ఉంటుంది. ఆస్టియోక్లాస్ట్‌లు అనే కణాలు పాత ఎముకను తొలిస్తే, వాటి వెనకే ఆస్టియోబ్లాస్ట్‌లు అనే కణాలు వచ్చి ఆ గుంతను పూడుస్తాయి. మజ్జలో చేరిన మైలోమా కణాలు ఈ రెండు పనులనూ చెడగొడతాయి. ర్యాంక్-ఎల్ అనే ప్రొటీన్ పెరిగేలా చేసి తొలిచే కణాలను ఉసిగొల్పుతాయి. డీకేకే1 వంటి ప్రొటీన్లను విడుదల చేసి కట్టే కణాలను ఎదగనివ్వవు. చిల్లులున్న రోగుల మైలోమా కణాల్లో డీకేకే1 ఎక్కువగా తయారవుతోందని అమెరికాలోని ఆర్కాన్సా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లో చూపించాక, ఈ రెండో వైపు మీద దృష్టి బాగా పెరిగింది. మామూలు ఐసోటోప్ బోన్ స్కాన్‌లో ఈ చిల్లులు తరచు దొరకకపోవడానికి కారణం కూడా ఇదే: ఆ స్కాన్ పసిగట్టేది కొత్త ఎముక తయారీని, ఇక్కడ ఆ తయారీయే నిలిచిపోయి ఉంటుంది.

ఇప్పుడు వాడే జోలెడ్రోనిక్ ఆమ్లం గానీ, మైలోమాకు 2018లో అమెరికాలో అనుమతి పొందిన డెనోసుమాబ్ గానీ తొలిచే కణాలను ఆపే మందులే. అవి కొత్త నష్టాన్ని, ఎముకలు విరగడాన్ని బాగా తగ్గిస్తాయి. పోయిన ఎముకను తిరిగి కట్టడం మాత్రం వాటి పని కాదు. మీ నాన్నగారి స్కాన్‌లో పాత చిల్లులు మిగిలి ఉండడాన్ని, జబ్బు తిరగబెట్టిందనడానికి గుర్తుగా చూడనక్కర్లేదు. (ఈ మందులు మొదలుపెట్టే ముందు దంతవైద్యుణ్ని కలవమని చెప్పేది లాంఛనానికి కాదు, దవడ ఎముక దెబ్బతినే ప్రమాదం అరుదైనా నిజమైనదే.)

ఇక ప్రయోగశాల సంగతి. మజ్జ నమూనా గొట్టం చేతికి అందిన రోజు మిగతా పనులన్నీ పక్కన పెట్టేవాళ్లం, ఎందుకంటే కణాలు ఎక్కువసేపు ఆగవు. సీడీ138 అనే గుర్తును పట్టుకునే సూక్ష్మ అయస్కాంత పూసలతో మైలోమా కణాలను వేరుచేసి, ఎముక కణాలుగా మారగల మూలకణాలను విడిగా చిన్న పళ్లేల్లో పెంచేవాళ్లం. సుమారు మూడు వారాల తర్వాత అలిజరిన్ రెడ్ రంగు వేస్తే, ఖనిజం పేరుకున్న పళ్లెం ముదురు ఎరుపుకు తిరుగుతుంది. మైలోమా కణాలతో కలిపి పెంచిన పళ్లెం వెలవెలబోయి ఉంటుంది. ఏదైనా కొత్త పదార్థం కలిపినప్పుడు ఆ వెలవెలబోయిన పళ్లెంలో ఎరుపు తిరిగి వస్తుందా అన్నదే మేం అడిగే ప్రశ్న. అక్కడ నిలిచినది ఎలుకల మీదికి వెళుతుంది. మైలోమా ఉన్న ఎలుక కాలి ఎముకను మైక్రో సీటీలో (చిన్న ఎముకల లోపలి వివరాలు చూపే స్కాన్) చూస్తే గట్టి పైపొర కూడా జల్లెడలా కనబడుతుంది. ఎముక కట్టడాన్ని అణిచే స్క్లెరోస్టిన్ అనే ప్రొటీన్‌ను అడ్డుకునే యాంటీబాడీ ఇస్తే అలాంటి ఎముక మందమై, విరగకుండా మరింత తట్టుకుంటుందని, జోలెడ్రోనిక్ ఆమ్లంతో కలిపితే ఫలితం ఇంకా మెరుగని సిడ్నీలోని గార్వన్ సంస్థ పరిశోధకులు 2017లో ప్రచురించారు. ఎలుకల్లో వచ్చిన ఫలితం మనుషుల్లోనూ వస్తుందన్న హామీ లేదు గానీ, నా దృష్టిలో ఆశ పెట్టుకోదగినది ఈ కట్టే వైపే.

నమూనా ఇవ్వాలా అన్నదానికి నా అభిప్రాయం ఇది. వైద్యం కోసం ఎలాగూ చేసే పరీక్షలోనే అదనంగా కొద్దిగా తీస్తామంటే ఇవ్వడం మంచిదే. కేవలం పరిశోధన కోసం మళ్లీ సూది గుచ్చుతామంటే, ఆ నొప్పి భరించేది ఆయనే కాబట్టి నిర్ణయం ఆయనకే వదలండి. ఆ నమూనా ఫలితంతో ఆయన చికిత్స మారుతుందని మాత్రం అనుకోవద్దు. సంతకం పెట్టే ముందు పేరు తొలగించి సంకేత సంఖ్య ఇస్తారా, మిగిలిన కణాలను ఎన్నాళ్లు నిల్వ ఉంచుతారు, మనసు మారితే సమ్మతిని ఎలా వెనక్కి తీసుకోవాలి అన్నవి అడగండి. సరైన బృందమైతే వీటికి అక్కడికక్కడే జవాబు చెబుతుంది.