‘డాడీ మళ్లీ ఎప్పుడు పోతడు?’ అని బాబు అడిగితే

హన్మకొండ నుంచి వచ్చిన ఉత్తరం ఇది, కాస్త కుదించి చెప్తున్నాను. రాసినామె ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. భర్త ఆర్మీలో నాయక్ ర్యాంకు, 13 ఏళ్ల సర్వీసు, ఇప్పుడు లడఖ్‌లో ఉన్నాడు. బాబు రెండో తరగతి, పాపకు మూడేళ్లు. పిల్లల కోసం పరకాల దగ్గరి ఊరి నుంచి అత్తమ్మ వచ్చి వీళ్లతోనే ఉంటోంది, కానీ నైట్ డ్యూటీ పడినప్పుడల్లా ‘మగడు అంత దూరం ఉంటే నీకీ రాత్రి డ్యూటీలేంది బిడ్డా’ అంటుంది. పోయిన దసరాకు భర్త సెలవు మీద వచ్చాడు. నాలుగో రోజు, బాబు హోంవర్క్ పక్కన పడేసి టీవీ చూస్తున్నాడని కేకలేసి చెయ్యి చేసుకున్నాడు. ఆ రాత్రి బాబు వంటింట్లోకి వచ్చి ‘మమ్మీ, డాడీ మళ్లీ ఎప్పుడు పోతడు?’ అని అడిగాడు. గడపలో నిలబడ్డ తండ్రి ఆ మాట విన్నాడు. మిగిలిన సెలవంతా భార్యాభర్తలు ముక్తసరిగా మాట్లాడుకున్నారు. ‘ఉద్యోగం మానేయాలా, రెండేళ్లు ఆగి ఆయన్నే వచ్చేయమనాలా? నాకు నిద్ర పట్టడం లేదు’ అని అడుగుతున్నారు.

చెల్లెమ్మా, ముందు బాబు సంగతి. మీరే రాశారు, సెలవు అయిపోయే రోజు మంచం కింద నుంచి తెల్ల పెయింటుతో నంబరు, పేరు రాసిన నల్ల ట్రంకు పెట్టె బయటికి వస్తుంది, అందరూ కాజీపేట స్టేషన్‌కు పోతారు, తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కదిలేదాకా నవ్వుతూ చెయ్యి ఊపి, ఆటోలో మీరు కొంగుతో కళ్లు ఒత్తుకుంటారు అని. ఏడేళ్ల పిల్లవాడికి నాన్న అంటే వచ్చి పోయే మనిషే, ఆ పోయే రోజు ఎప్పుడో ముందే తెలిస్తే తను సిద్ధంగా ఉండొచ్చు అనుకుంటాడు. ఆ ప్రశ్నలో సగం అదే. మిగతా సగం మాత్రం భయం, దాన్ని కప్పిపుచ్చొద్దు. కొట్టడం తప్పు. మీ ఆయన బాబుకు సారీ చెప్పాలి, వచ్చే సెలవు దాకా ఆగకుండా ఫోన్లోనే, ‘ఆ రోజు నేను కొట్టుడు తప్పైంది బేటా’ అని నోరు తెరిచి చెప్పాలి. దానివల్ల తండ్రి విలువ తగ్గదు.

ఇంకో మాట. పది నెలలు మీ ఇల్లు మీ లెక్క ప్రకారం నడిచింది, ఎప్పుడు తినాలో, ఎప్పుడు చదవాలో, అర గంట టీవీకి ఎవరు ఒప్పుకోవాలో అంతా మీదే. ఆయనకు అక్కడ ఒక మాట చెప్తే పని జరిగిపోయే అలవాటు, ఇక్కడ మాట చెప్తే పిల్లవాడు మీ ముఖం చూస్తాడు. ఆ చూపు ఎంత గుచ్చుకుంటుందో ఆలోచించండి. సెలవులో మొదటి వారం ఆయనకు మందలించే పని వద్దు. బాబును బడికి దింపడం, పాపకు స్నానం చేయించడం, దసరా అయితే జమ్మి పట్టుకుని బాబుతో కలిసి చుట్టాల ఇళ్లు తిరగడం, ఇవి ఇవ్వండి. చదువు గొడవ రెండో వారం చూసుకోవచ్చు.

ఇవన్నీ ఒక ఎత్తు. మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన చోటు వేరే ఉంది. పాపకు డెంగీ వచ్చి మూడు రోజులు అడ్మిట్ అయితే, ఆయన ఫోన్ చేసినప్పుడల్లా ‘అంతా మంచిగనే ఉంది’ అన్నారు. డిశ్చార్జి అయ్యాక కూడా చెప్పలేదు, వాళ్ల చిన్నాయన కొడుకు ద్వారా ఆయనకు తెలిసింది. ‘అక్కడ టెన్షన్ పడతాడని చెప్పలేదు’ అని మీరు రాశారు. నాకు అర్థమైంది. కానీ ఆయనవైపు నుంచి చూడండి. తన బిడ్డ ఆసుపత్రిలో ఉన్న సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, తనకు తప్ప. అప్పటి నుంచి మీరు ‘మంచిగనే ఉంది’ అన్న ప్రతిసారీ ఆయనకు అనుమానమే. ఆయనా మీకు అంతే చేస్తున్నాడు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ జరిగిన ఆ నాలుగు రోజులు మీరు ఫోన్ జేబులో పెట్టుకుని వార్డులో ఇంజెక్షన్లు చేశారు, అత్తమ్మ అన్నం ముట్టకుండా టీవీ ముందు కూర్చుంది, ఆయన మాత్రం ‘ఇక్కడ ఏం లేదు, తిని పడుకోండి’ అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటున్నామనుకుని, ఏడాదిలో పది నెలలు ఒకరికొకరు కొత్తవాళ్లై, సెలవులో ఒక్కసారిగా దగ్గర కావాలంటే ఎట్లా అవుతుంది?

కాబట్టి చెప్పడం మొదలుపెట్టండి, చిన్నవాటితోనే. సిగ్నల్ దొరికిన పది నిమిషాల్లో కష్టాలన్నీ గుమ్మరించమని కాదు. రోజూ డ్యూటీ అయ్యాక రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టండి, ఆయనకు నెట్ వచ్చినప్పుడు వింటాడు. బాబుతో నెలకో ఉత్తరం రాయించండి. ‘కేరాఫ్ 56 ఏపీఓ’ (ఆర్మీ పోస్టాఫీసు) అని ఊరి పేరే లేని అడ్రసు రాస్తూ వాడు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడమే నాన్న గురించి మాట్లాడుకోవడం అవుతుంది.

ఉద్యోగం మాత్రం ఇప్పుడు మానొద్దు. నిద్ర లేని మనిషి రాజీనామా రాయకూడదు. మీరు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి, పిల్లలకు 18 ఏళ్లు నిండేలోపు సర్వీసు మొత్తంలో 90 రోజుల చైల్డ్ కేర్ లీవ్ విడతలుగా వాడుకోవచ్చు. ఆయనకు ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవ్, 30 రోజుల క్యాజువల్ లీవ్ ఉంటాయి, అడిగిన తారీఖుకే దొరుకుతాయన్న గ్యారంటీ లేదు, అయినా తారీఖు తెలియగానే మీదీ పెట్టి రెండు వారాలైనా కలిపి చూడండి. ఇప్పటి ఫీల్డ్ పోస్టింగ్ అయ్యాక, కుటుంబాన్ని వెంట ఉంచుకోగల పీస్ స్టేషన్ వచ్చి క్వార్టర్ దొరికితే, జీతం లేని సెలవు పెట్టి పిల్లలతో పోయి ఉండే దారి ఉందేమో మీ ఆఫీసులో ఇప్పుడే అడిగి పెట్టుకోండి. ఇక ఆయన వచ్చేయడం అంటారా, 15 ఏళ్లు నిండితే పెన్షన్‌కు అర్హత వస్తుంది, నిజమే. కానీ పెన్షన్ ర్యాంకును, చివరి జీతాన్ని బట్టి ఉంటుంది, నాయక్‌గా వస్తారా, పై ర్యాంకు హవల్దార్ అయ్యాక వస్తారా అనేది ఇద్దరూ కాగితం మీద లెక్క వేసి చూడాలి. పైగా అది ఆయన నోటి నుంచి రావాలి. మీ అలసట చూసి వచ్చేస్తే రేపు ఆ మాట మీ మధ్యనే తిరుగుతుంది.

అత్తమ్మ సణుగుడును కొంచెం వేరేగా వినండి. ఆమె కొడుకే అక్కడ ఉన్నది. నైట్ డ్యూటీ రోజు మీరు వార్డు నుంచి తొమ్మిదింటికి ఒక ఫోన్ చేస్తే ఆ మాటల్లో సగం తగ్గుతాయి. కాగితాల పనులకు హన్మకొండలోనే సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, సర్వీసులో ఉన్నవాళ్ల కుటుంబాలూ పోవచ్చు.

నిద్ర సంగతి. రెండు వారాలు దాటిందని రాశారు. వేరే వాళ్లకైతే మీరే డాక్టర్ దగ్గరికి పొమ్మంటారు కదా, మీరూ పోండి. మీ ఆసుపత్రిలో చూపించుకోవడం ఇబ్బంది అనుకుంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు చేయండి, ఉచితం, ఏ వేళలోనైనా తెలుగులోనే మాట్లాడతారు.

మొదటి వాయిస్ మెసేజ్‌లో ఏం చెప్పాలో తోచకపోతే డెంగీ సంగతితోనే మొదలుపెట్టండి. ప్లేట్‌లెట్లు ఎన్నికి పడ్డాయో, ఆ రెండో రాత్రి మీరు పాప మంచం పక్కన కింద కూర్చుని ఎవరిని తలుచుకున్నారో, అన్నీ చెప్పండి. సెలవు తారీఖు తెలిశాక నాకు మళ్లీ రాయండి, ఆయన సరేనంటే ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం.