అమ్మానాన్నల్ని కొత్త తరహా రెస్టారెంట్‌కి తీసుకెళ్తే ఏం ఆర్డర్ చేయాలి?

జూబ్లీహిల్స్‌లో కొత్తగా తెరిచిన రెస్టారెంట్‌కి అమ్మానాన్నలతో నలుగురు వెళ్తున్నామన్నారు, ఏం ఆర్డర్ చేయాలో చెప్పమన్నారు. ఏం చెప్పాలన్నదానికంటే ఎప్పుడు చెప్పాలన్నదే అసలు సంగతి.

ఇలాంటి చోట్ల మెనూలో సగం చిన్న ప్లేట్లే. అన్నీ ఒకేసారి చెప్పేస్తే ఆర్డర్ రాసుకునే కెప్టెన్ ఒకే కేఓటీ (వంటగదికి వెళ్ళే ఆర్డర్ చీటీ) కొట్టేస్తాడు. వంటగదిలో ఏది ముందైతే అది వచ్చేస్తుంది, బుల్లి టేబుల్ మీద ఆరు ప్లేట్లు ఇరుక్కుంటాయి. నష్టమంతా పిజ్జాకే. కట్టెల పొయ్యిలో 400 డిగ్రీల పైన నిమిషంన్నరలో కాలే పల్చటి రొట్టె అది, కాసేపు ఆగితే మధ్యలో తడిసి, అంచున తోలులా సాగుతుంది. ముందు రెండు చిన్న ప్లేట్లు చెప్పండి. అవి సగమయ్యాక పిజ్జా, ఆ తర్వాతే మెయిన్. "మెనూ ఇక్కడే ఉంచండి, మిగతావి తర్వాత చెప్తాం" అంటే చాలు.

పాస్తా ఇక్కడ కొంచెం పలుకుగా దించుతారు. నాన్నగారు "ఉడకలేదు" అనడం ఖాయం, కాబట్టి మెత్తగా ఉడికించమని ముందే చెప్పండి. చెఫ్ మొహం ముడుచుకుంటే ముడుచుకోనీ. రిసోట్టో (ఇటలీవాళ్ళ ముద్దన్నం) మాత్రం వద్దు, పొంగలికి ఇంత రేటా అని ఇంటికెళ్ళేదాకా వినాల్సొస్తుంది.

ఏడింటికే వెళ్ళండి, గోడవారన వీపు ఆనే కుర్చీలు అడగండి. సిమెంటు నేల, అద్దాల గోడలు, ఒక్క తెర ఉండదు, ఇక చప్పుడు ఎక్కడికి పోతుంది? పైగా పొద్దుపోయేకొద్దీ పాట పెంచుతారు. పాట ఎంత గట్టిగా ఉంటే వంట మీద వాళ్ళకి అంత నమ్మకం తక్కువని నా లెక్క.

ఇక బిల్లు. తిండి 2,000 అయిందనుకోండి. కింద 10 శాతం సర్వీస్ ఛార్జ్, 200. ఆ 2,200 మీద 5 శాతం జీఎస్టీ, 110. మొత్తం 2,310. సర్వీస్ ఛార్జ్ తీసేస్తే 2,100. అంటే తేడా 200 కాదు, 210. వాళ్ళు వేసుకున్నదాని మీద కూడా పన్ను మనమే కడుతున్నాం. సర్వీస్ ఛార్జ్‌ని బిల్లులో వాళ్ళంతట వాళ్ళు కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. అయినా "స్టాఫ్ వెల్ఫేర్" లాంటి ముద్దుపేర్లతో మళ్ళీ దూరుస్తారు. జీఎస్టీతో పాటు దాన్నీ ప్రభుత్వమే తీసుకుంటోందనుకుని కట్టేసేవాళ్ళే ఎక్కువ.

టిప్పు ఇవ్వాలనుంటే వడ్డించినవాడి చేతికివ్వండి. సర్వీస్ ఛార్జ్ మాత్రం కార్డు గీకకముందే తీయించండి, గీకాక రాబట్టుకోవడం పెద్ద పంచాయితీ. తీయమంటే ఒప్పుకోకపోతే మేనేజర్ని పిలవమనండి, ఆయనా నసిగితే అక్కడే కూర్చుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ కలపండి.