విశ్రాంత జీవితానికి నగరమా, శివారా?

ప్రశ్న: నాకు 60 ఏళ్లు, మావారికి 63. వచ్చే ఏడాదితో ఇద్దరి ఉద్యోగాలూ ముగుస్తాయి. నగరం నడిబొడ్డున ఉన్న ఫ్లాటు అమ్మేసి, శివారులో పెరడున్న ఇల్లు కొందామని ఆయన పట్టుదల. రొద, పొగ లేని చోట మొక్కలు పెంచుకుంటూ గడపాలన్నది ఆయన చిరకాల కోరిక. ఆసుపత్రి, గ్రంథాలయం, స్నేహితుల ఇళ్లు అన్నీ నడిచి వెళ్లేంత దగ్గరలో ఉన్న చోటును వదలబుద్ధి కావడం లేదు నాకు. కారు ఆయనే నడుపుతారు, నాకు రాదు. పిల్లలు దూరదేశంలో ఉన్నారు. ఎవరి మాట సబబు?
– ఒక పాఠకురాలు

జవాబు: అన్నిటికంటే ముఖ్యమైన సంగతిని మీరు ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. కారు నడపడం మీకు రాదు. నా సలహా అంతా దాని చుట్టూనే ఉంటుంది.

ముందుగా, మీవారి కోరికను తేలిగ్గా తీసుకోకండి. రహదారి వాహనాల రొద రాత్రివేళ సగటున 45 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఐరోపా ప్రాంతానికి సూచించింది. రద్దీ రోడ్డును ఆనుకున్న పడకగది కిటికీ బయట ఈ హద్దు దాటడం మామూలే. ఏళ్ల తరబడి అలాంటి చోట నివసిస్తే నిద్రకే కాదు, గుండెకూ చేటు. అయితే శివారు అనగానే ప్రశాంతత అనుకోకండి. రాత్రంతా లారీలు తిరిగే పెద్ద రహదారి పక్కనుంటే అక్కడా నిద్ర ఉండదు.

ఇక కారు విషయం. వయసుతో కనుపాప చిన్నదవుతుంది, కంటి కటకం పసుపుబారుతుంది. ఇరవై ఏళ్ల వ్యక్తి కంటి వెనక ఉండే పొరకు (రెటీనాకు) చేరే వెలుతురులో అరవై ఏళ్లవారికి సుమారు మూడో వంతే చేరుతుంది. అందువల్ల చాలామంది మొదట చీకటిపడ్డాక, ఆ తర్వాత వానలో, చివరికి పూర్తిగా నడపడం మానుకుంటారు. ఆయన స్టీరింగ్ వదిలిన రోజున శివారులోని ఆ ఇంటి నుంచి మందులకు, కూరగాయలకు, స్నేహితులకు మీ ఇద్దరూ ఎలా చేరతారు? ఇద్దరిలో ఒకరే మిగిలిన నాడు, ఆ ఒకరు మీరైతే ఎలా గడుస్తుంది? అడగడానికి మనసొప్పని ప్రశ్నే, కానీ ఇల్లు కొనక ముందే అడగాలి.

ఆసుపత్రి సంగతి ఇంకా సూటిగా చెబుతాను. పక్షవాతం వచ్చినప్పుడు మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందును సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి, అంతకంటే ముందు స్కానింగ్ జరగాలి. కాబట్టి దగ్గర్లో ఒక క్లినిక్ బోర్డు కనిపిస్తే సరిపోదు. రాత్రీ పగలూ స్కానింగ్ చేసే ఆసుపత్రికి, సాయంత్రం రద్దీలో ఎంతసేపు పడుతుందో స్వయంగా వెళ్లి చూడండి.

నగరం లోపాలు లేనిదేమీ కాదు. పాదచారుల సిగ్నల్ సమయాన్ని చాలా దేశాల్లో సెకనుకు 1.2 మీటర్ల నడక లెక్కన నిర్ణయిస్తారు. ఒక సాయంత్రం కూడలిలో నిలబడి గమనించండి. పచ్చదీపం మినుకుమనే వేళకు చేతికర్రతో దాటుతున్న పెద్దాయన ఇంకా రోడ్డు మధ్యలోనే, డివైడర్ మీద చేయి ఆనించి నిలబడి ఉంటారు. లిఫ్ట్ చెడితే పై అంతస్తుల వారి గతీ అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన వృద్ధానుకూల నగరాల మార్గదర్శి పరిశీలించిన ఎనిమిది అంశాలలో ఇల్లు ఒకటి మాత్రమే. రవాణా, బహిరంగ స్థలాలు, నలుగురితో కలిసి మెలిసి ఉండే వీలు, ఆరోగ్య సేవలు వంటివన్నీ దాని సరసనే ఉన్నాయి.

ఇవన్నీ చూశాక నా మొగ్గు మీ వైపే. అయినా ఆయన కోరికకు దారి మూసేయనక్కరలేదు. ఫ్లాటును ఇప్పుడే అమ్మకండి. నగరంలో ధరలు పెరిగితే తిరిగి రావడం కష్టమవుతుంది. దాన్ని అద్దెకిచ్చి, శివారులో మీకు నచ్చిన ప్రాంతంలోనే ఒక ఏడాది అద్దెకుండండి. అక్కడి వాతావరణం అన్నిటికంటే ఇబ్బందిపెట్టే నెలలు కూడా ఆ ఏడాదిలో గడిచేలా చూసుకోండి. మధ్యలో ఒక వారం కారు తాళాలు బీరువాలో పెట్టి, ప్రతి పనికీ బస్సులోనో, నడిచో వెళ్లిరండి. అప్పటికీ మీ ఇద్దరికీ మనసు కుదిరితే, ఊరికి దూరంగా విసిరేసినట్టుండే కొత్త లేఅవుట్ కాకుండా, రైల్వే స్టేషనో బస్టాపో, నాలుగు దుకాణాలో దగ్గరగా ఉన్న పాత శివారులో చిన్న పెరడున్న ఇల్లు వెతకండి. బేరం కుదుర్చుకునే ముందు ఒక రాత్రి ఆ ఇంటి గేటు నుంచి బస్టాపు దాకా ఇద్దరూ నడిచి, దారిలో దీపాలు వెలుగుతున్నాయో లేదో, కాసేపు కూర్చోవడానికి బల్ల ఉందో లేదో చూసుకోండి.