తాళం ఎవరి దగ్గరుంది?

చిరంజీవి అమ్మలుకి,

పెద మామయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. పక్కన మీ అత్త పెట్టిన టీవీ మోత అలాంటిది మరి. ఎమ్మెస్సీ జాగ్రఫీ అయ్యాక విపత్తు నిర్వహణ కన్సల్టెన్సీలో చేరతానంటున్నావు, ఆ పని ఎలా ఉంటుందని అడిగావు. అదీ ఒక ఉద్యోగమేనా అని మీ నాన్నకు టెన్షన్. ఉద్యోగమే. రెవెన్యూలో ముప్పై ఐదేళ్లు చేశాను, రిటైరయ్యాక ఇంకో పదేళ్లు ఈ కన్సల్టెన్సీ పనే చేశాను. నాకు తెలిసింది రాస్తున్నాను.

1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు నేను డిగ్రీ కుర్రాణ్ణి. సర్కారు లెక్కలోనే పది వేల మంది దాకా పోయారు. 1990 మే నెలలో మళ్లీ అంత పెద్ద తుఫానే కృష్ణా నది సముద్రంలో కలిసేచోటే తీరం దాటింది. పోయినవాళ్లు వెయ్యి లోపు. గాలేమీ కనికరించలేదు. ఈసారి ఊరూరా టముకు వేయించాం, లారీలు పంపాం, జనాన్ని ఎక్కించడానికి తుఫాను షెల్టర్లు ఉన్నాయి. ఆ తేడా తేవడమే నువ్వు చేయబోయే పని.

షెల్టరంటే ఒక సంగతి చెప్పాలి. తొంభైల్లో ఒక తుఫాను రాత్రి తొమ్మిదింటికి జీపులో ఒక ఊరికి వెళ్లాను. రెండొందల మంది పిల్లాపాపలతో వానలో తడుస్తూ షెల్టరు మెట్ల మీద నిలబడి ఉన్నారు. తలుపుకి తాళం. తాళంచెవి ఉన్న పెద్దాయన గుడివాడలో పెళ్లికి వెళ్లాడు. గునపంతో తాళం పగలగొట్టి చూస్తే లోపల సగం హాలు ధాన్యం బస్తాలే. నడుములు పడిపోయేలా అర్ధరాత్రి దాకా వాటిని పక్కకి లాగాం, కుదరనివాటి మీదే ముసలివాళ్లను కూర్చోబెట్టాం. మా ప్లాన్ రిజిస్టర్లో మాత్రం ఆ షెల్టరు ఎదురుగా 'సిద్ధం' అని టిక్కు ఉంది. ఊరికి వెళ్లి చూడకుండా ఆ టిక్కు పెట్టింది నేనే.

అందుకని నువ్వు ఊరికి వెళ్లినా, ఫ్యాక్టరీకి వెళ్లినా, ఆస్పత్రికి వెళ్లినా ముందు అడగాల్సింది తాళం ఎవరి దగ్గరుందని. ఆ మనిషి లేకపోతే ఇంకెవరి దగ్గరుందని. జనరేటర్ తాళం, డీజిల్ తాళం, మేడ మీద తలుపు తాళం. సమాధానం చెప్పేవాడు మేనేజరు కాదు, నైట్ డ్యూటీ వాచ్‌మన్. అతనితో టీ తాగు.

రిటైరయ్యాక ఒక రొయ్యల ప్లాంటుకి ఎమర్జెన్సీ ప్లాన్ రాశాను. అక్కడి ఫ్రీజర్లకి అమోనియా అనే విషవాయువు వాడతారు. ప్లాంటు చుట్టూ తిరిగింది జూన్‌లో, గాలి నైరుతి నుంచి వీస్తోంది. గాలికి ఎదురువైపు, నైరుతి మూలలో ఒక వేపచెట్టు కనిపించింది. లీకైనా వాసన అటు రాదనుకుని, అందరూ చేరాల్సిన చోటు అదేనని రాసి, పచ్చరంగు బోర్డు కూడా పెట్టించాను. మాక్‌డ్రిల్ చేస్తే నాలుగు నిమిషాల్లో అందరూ చెట్టు కింద ఉన్నారు. చప్పట్లు కూడా కొట్టారు. డిసెంబర్‌లో ఒక వాల్వు దగ్గర చిన్న లీకు వచ్చింది. గాలి అప్పటికి ఈశాన్యానికి తిరిగింది. నేర్పించినట్టే అక్కడ పనిచేసే ఆడపిల్లలంతా వేపచెట్టు కిందికి పరుగెత్తారు, వాసన కూడా నేరుగా అక్కడికే వచ్చింది. నలుగురు ఆస్పత్రిలో చేరారు, అదృష్టం బాగుండి తిరిగొచ్చారు. ఇప్పుడు అక్కడ చేరడానికి రెండు చోట్లు, కప్పు మీద గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ ఉన్నాయి. ఆ గుడ్డ చూసి ఎటు పరుగెత్తాలో పిల్లలకి నేర్పించాం. ప్రమాదకర రసాయనాల ఫ్యాక్టరీలు ఆరు నెలలకోసారి డ్రిల్ చేయాలని 1989 నాటి రూల్సు చెబుతాయి. రిజిస్టరు నింపడానికని ప్రతిసారీ ఒకే సీజన్లో, పగటిపూట చేస్తే ఏం లాభం?

కాపీ కొట్టకు. రాయలసీమలో ఒక ఫ్యాక్టరీ ప్లాన్ నా చేతికొచ్చింది, అందులో సముద్రపు ఉప్పెన మీద ఏకంగా ఒక చాప్టర్! పేజీల అడుగున వేరే కంపెనీ పేరు కూడా తీయలేదు.

రిపోర్టు ఇంగ్లిష్‌లోనే అడుగుతారు, ఇవ్వు. కానీ ఊళ్లో వాడే రెండు పేజీలు తెలుగులో నువ్వే కూర్చుని రాయి. గంటకు 120 కిలోమీటర్ల గాలి అంటే ఎవరూ కదలరు. తాటాకు ఇల్లు నిలవదు, రేకులు ఎగురుతాయి, కరెంటు మూడు రోజులు ఉండదు అని చెప్పు. అప్పటికీ ఒక మామ్మ గేదెను వదిలి రానంటుంది. ఆవిడ మీద అరవకు. పలుపు విప్పేయండి, కట్టు లేకపోతే అది ఎత్తుకు ఎక్కి బతుకుతుంది అని చెప్పు. నేను చెప్పి చూశాను, వస్తారు.

పల్లెల సంగతి మనవాళ్లకి కొంత వంటబట్టింది. పట్నాలే కష్టం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీదికొచ్చినప్పుడు గాలి ఆగాక అసలు తిప్పలు మొదలయ్యాయి. ఫోన్లు లేవు, పెట్రోలు బంకుల దగ్గర క్యూలు, పాలప్యాకెట్ కోసం కొట్లాటలు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగితే డ్రోన్లతో అన్నం ప్యాకెట్లు జారవిడిచారు. నీలాంటి చదువుకున్న పిల్లలకి పని ఇక్కడే ఎక్కువ. సెల్ టవర్ డీజిల్, ఆస్పత్రి ఆక్సిజన్, నీళ్ల ట్యాంకర్ల దారి, ఇవన్నీ మ్యాపు మీద ముందే కలపాలి. మీ ల్యాబులో నేర్చుకున్న జీఐఎస్, అదే కంప్యూటర్ మ్యాపుల పని, వదలకు.

కోర్సులంటావా, ముంబైలో టాటా వాళ్ల సోషల్ సైన్సెస్ సంస్థ టిస్‌లో ఉంది, ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నోలో డిప్లొమా ఉంది. గన్నవరం పక్కన కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఎన్ఐడీఎం వాళ్ల క్యాంపస్ ఉంది, ట్రైనింగులు చూడు. చదివేది ఏదైనా సరే, ముందు రెండు మూడేళ్లు జిల్లా స్థాయిలోనో ఏదైనా స్వచ్ఛంద సంస్థలోనో బురదలో తిరిగి, తర్వాత కన్సల్టెన్సీకి వెళ్లు. డబ్బు సంగతి మీ నాన్నకి దాచకుండా చెప్పు. పెద్ద విపత్తు వచ్చిన రెండేళ్లు అందరూ పిలుస్తారు, ఆ తర్వాత ఫోనే మోగదు. మంచి ఏడాదిలో కొంత దాచుకోవాలి. ఫ్యాక్టరీల సేఫ్టీ పని కూడా నేర్చుకుంటే పిలుపులు లేని ఏడాదిలో అదే తిండి పెడుతుంది.

అక్టోబర్‌లో సెలవు పెట్టుకుని ఇక్కడికి రా. నేను చెప్పిన ఆ షెల్టరు దగ్గరికి తీసుకెళ్తాను. బూట్లు తెచ్చుకో, గొడుగు వద్దు, ఆ గాలికి నిలవదు. తాళం ఇప్పుడు ఎవరి దగ్గరుందో నువ్వే కనుక్కుందువుగాని.

ఇట్లు,
మీ పెద మామయ్య