సొరంగానికి పూతా, తాపడమా, ఒరా?

సందేహం: భారీ మురుగునీటి సొరంగాల నిర్మాణం గురించి ఒక వ్యాసం అనువదిస్తున్నాను. ‘కాంక్రీట్ లైనింగ్’ను, అంటే సొరంగం లోపల చుట్టూ ఉండే కాంక్రీటును, కొందరు పూత అనీ, కొందరు తాపడం అనీ రాస్తున్నారు. ఏది సరైనది?

సమాధానం: లైనింగ్ అనే ఉంచినా తప్పు లేదు. తెలుగు మాటే కావాలంటే మాత్రం ఇక్కడ పూత పనికిరాదు. పూయాలంటే గోడ ముందే నిలబడి ఉండాలి. సొరంగంలో గోడ ఆ కాంక్రీటే. పైనున్న మట్టి బరువునూ, చుట్టూ ఊరే నీటి ఒత్తిడినీ అదే మోస్తుంది. తాపడానికీ ఇదే చిక్కు. గోపురానికి రాగిరేకు తాపడం చేశారంటే, రేకు ఊడినా గోపురం ఉంటుంది.

నేనైతే ‘ఒర’ అంటాను. కత్తి ఒర కన్నా బావి ఒర ఇక్కడ దగ్గరి పోలిక. తవ్విన గోతిలో మట్టి విరిగిపడకుండా ఒకదానిమీద ఒకటి దించే గుండ్రటి ఒరలను గుర్తుచేసుకోండి. ఆ బావిని అడ్డంగా పడుకోబెడితే సొరంగమే.

యంత్రంతో తవ్వేచోట ఈ పోలిక మరీ చక్కగా కుదురుతుంది. యంత్రం కొంత దూరం తవ్వగానే, దాని వెనక భాగంలోనే, ముందుగా పోతపోసి తెచ్చిన వంపు ముక్కలను పేర్చి ఒక చుట్టు పూర్తిచేస్తారు. ఆఖరి ముక్క చీలలా ఒక కొస సన్నగా ఉంటుంది. అది దూరితేనే చుట్టు బిగుస్తుంది. ఆ చుట్టునే తన్నిపట్టి యంత్రం మళ్లీ ముందుకు జరుగుతుంది. ముక్కల అంచుల్లో నీరు కారకుండా రబ్బరు పట్టీలు ఉంటాయి. చుట్టుకూ మట్టికీ మధ్య మిగిలిన సందును గ్రౌటుతో, అంటే పల్చటి సిమెంటు ముద్దతో నింపుతారు. ఇంత బరువు మోసేదాన్ని పూత అంటే చదివేవారికి తప్పు బొమ్మ కనిపిస్తుంది.

లండన్‌లో 25 కిలోమీటర్ల థేమ్స్ టైడ్‌వే సొరంగానికి ఈ చుట్ల లోపల, అక్కడికక్కడే పోసిన మరో కాంక్రీటు పొర ఉంది. అలాంటిచోట వెలుపలి ఒర, లోపలి ఒర అనవచ్చు.

అలాగని పూతనూ తాపడాన్నీ పారేయకండి. మురుగులోంచి వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు నీటిమట్టానికి పైన తడి గోడకు చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని గంధకామ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం తగిలిన కాంక్రీటు మెత్తబడి జిప్సంగా రాలిపోతుంది. అందుకే పైకప్పు ముందు దెబ్బతింటుంది. దాన్ని కాపాడటానికి ఎపాక్సీ అనే గట్టిపడే రసాయనం పూస్తే అది పూతే. ప్లాస్టిక్ పలకలు బిగిస్తే నిక్షేపంగా తాపడం అనండి.

ఇక రాత సంగతి. వొర అని రాసేవారున్నారు. తెలుగు మాటల మొదట వు, వూ, వొ, వో ఉండవని బాలవ్యాకరణం చెప్పింది కాబట్టి ‘ఒర’ అనే రాయండి. బావి విషయంలో ఒక్కో చుట్టునూ ఒర అంటాం. మీ వ్యాసంలో మాత్రం మొత్తాన్ని ఒర అనీ, ఒక్కో వలయాన్ని చుట్టు అనీ వేరుచేసి, మొదట వచ్చినచోట ఆ తేడా చెప్పండి.